బోరింగు పాడైతే ఎవరు బాగుచేస్తరు?

మా వీధి చివరింటి అబ్బాయి ఇంజినీరింగు మూడో ఏడాది చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు నలుగురు దోస్తులతో కలిసి ఆఫ్రికాలోని మలావీ దేశం పోతామని, అక్కడ ఒక పల్లెలో రెండు వారాలు సేవ చేసి వస్తామని ఓ సాయంత్రం వచ్చి చెప్పాడు. చేతిలో ఓ కాగితం. పాత బట్టలు నాలుగు మూటలు, పెన్నులు, బిస్కెట్లు, దోమతెరలు, బడిగోడకు వేయడానికి రంగు డబ్బాలు, ఫొటోలకు మంచి కెమెరా. ‘ఇంకేమన్నా మరిచిపోయినమా సార్?’ అని అడిగాడు. కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశాను. అన్నీ ఉన్నాయి గానీ పోయే ఊరి పేరు లేదు.

ఆ కాగితం కొన్ని నెలలు నన్ను వదల్లేదు. ఆఫ్రికా పల్లెలకు సేవకని పోయినవాళ్ల చరిత్ర, పోయి చెడగొట్టినవాళ్ల చరిత్ర, అక్కడివాళ్లు రాసుకున్నవి, మన డాక్టర్లు చెప్పేవి అన్నీ వెతికి చదివాను. ఎంత దూరం పోయినా చదివింది నన్ను తిప్పి తిప్పి మా సిద్దిపేటకే తెచ్చింది. ఎందుకంటే ఎవరో బయటినుంచి వచ్చి మనకు మేలు చేసిపోవడం మనకు కొత్తది కాదు. జీపు వచ్చి ఆగుతుంది. సర్పంచి ఇంటి ముందు కుర్చీలు వేస్తారు, కొబ్బరిబొండాలు కొడతారు. వచ్చినవాళ్లు అడుగుతారు, రాసుకుంటారు, ఫొటో దిగుతారు, పోతారు. వాళ్లలో ఎవరు నిజంగా పనికొచ్చారో, ఎవరి పేరు బోర్డు మీద తప్ప ఎక్కడా మిగల్లేదో ఊళ్లో ముసలివాళ్లను అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతారు. ఇచ్చేవాడిగా ఆఫ్రికా పోయే సిద్దిపేట మనిషికి ఇంగ్లిషు కంటే, చందాల సొమ్ము కంటే పెద్ద పెట్టుబడి ఈ పుచ్చుకున్న జ్ఞాపకమే. తీరా పోయేటప్పుడు దాన్ని ఇంట్లో వదిలేసి పాత బట్టలు మూటగడుతున్నాం.

ఇట్లా పోవడం ఎట్లా మొదలైందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1961 మార్చిలో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ పీస్ కోర్ పెట్టాడు. ఆ ఆగస్టు చివర 51 మంది యువకులు, యువతులు ఘనా దేశానికి బయల్దేరారు. అప్పటినుంచి 1976 దాకా ఇండియాకూ వచ్చారు, కోళ్ల పెంపకం లాంటి పనుల కోసం ఆంధ్రప్రదేశ్‌కూ వచ్చారు. అంటే ఆనాడు ఘనా వరుసలోనే మనమూ నిలబడి ఉన్నాం. వాళ్ల మీద ఎన్ని విమర్శలున్నా ఒక్కటి ఒప్పుకోవాలి: నెలల తరబడి భాష నేర్చుకుని వచ్చేవారు, రెండేళ్లు ఉండేవారు. యుద్ధాల్లో, మహమ్మారుల్లో పనిచేసే ‘మెదసాఁ సాఁ ఫ్రాంతియేర్’ డాక్టర్ల సంస్థ 1971లో పుట్టింది. అదీ మొదటిసారి వచ్చేవాళ్లను మామూలుగా నెలల లెక్కనే తీసుకుంటుంది. రెండు వారాల సేవ అనేది ఆ తరువాతి కాలపు సరుకు. విమానం టికెట్టు, బస, అడవి చూపించడం, నాలుగు రోజుల బడి పాఠం అన్నీ కలిపి ప్యాకేజీగా అమ్మే వ్యాపారం. ఈ ధోరణిని మొదట్లోనే ఎండగట్టినవాడు ఇవాన్ ఇలిచ్. మెక్సికో పల్లెలకు సేవకని పోతున్న అమెరికా యువకుల ముందే నిలబడి, మీ మంచి ఉద్దేశాలు మీ దగ్గరే పెట్టుకోండన్న అర్థం వచ్చేట్టు 1968లో ప్రసంగించాడు. మర్యాదస్థుడికి అది కటువుగా వినిపిస్తుంది. చుట్టాలు వచ్చి మన వంటింట్లో డబ్బాలు సర్దిపోయిన అనుభవం ఉన్నవాళ్లకు మాత్రం అంత కటువుగా అనిపించదు.

ఈ ప్యాకేజీల్లో అన్నిటికన్నా గిరాకీ అనాథాశ్రమాలకు. పిల్లల్ని ఎత్తుకుని ఆడించడానికి చదువు అక్కర్లేదు, భాష అక్కర్లేదు. అందుకే ఆ గిరాకీకి తగ్గట్టు అనాథలు తయారవుతారు. తల్లో తండ్రో బతికే ఉన్న పిల్లలను చదువు చెప్పిస్తామని తెచ్చి ఆశ్రమాల్లో పెట్టడం అనేక దేశాల్లో బయటపడింది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసేటప్పుడు ఈ సంగతీ చర్చకు వచ్చింది. ఇది ఎక్కడిదో కథ అనుకోవద్దు. 1999 నుంచి 2001 వరకు దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల ఆడపిల్లల కథ మనం మరిచిపోయామా? పేదింటి పసికందులు చేతులు మారి, హైదరాబాద్ దత్తత కేంద్రాలు చేరి, అక్కణ్నుంచి విమానాలెక్కారు. కొనేవాళ్లూ కరుణ గల మనుషులే. కరుణకు ధర కట్టినచోట సరుకు పుట్టుకొస్తుందన్న సంగతి ఆ తండాల తల్లులకు తెలుసు. మా కుర్రాళ్లకు నేను ఖరాఖండిగా వద్దన్నది ఇదొక్కటే.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. మా అబ్బాయి ఇంజినీరు కాబట్టి అతని మనసు అటే ఉంది. నాకూ ఇక్కడే ఎక్కువ మాట్లాడాలని ఉంది.

బోరింగు అంటే మనకు ఒకే రకం గుర్తొస్తుంది. ఇనుప చేతి పంపు, పొడుగు పిడి, దాని చుట్టూ బిందెలు. దాని పేరు ఇండియా మార్క్ టూ. 1970లలో సోలాపూర్ మెకానిక్కుల అనుభవాన్ని తీసుకుని, యూనిసెఫ్ సాయంతో మన దేశంలోనే రూపుదిద్దుకుంది. ఇక్కణ్నుంచే ఆఫ్రికాలో డజన్ల దేశాలకు పోయింది. సేవకు మనుషులు పోకముందే మన ఇనుము పోయిందన్నమాట. గట్టిదే. కానీ ఒక చిక్కుంది. లోపల తోలు వాషరు అరిగితే పైపులన్నీ ఒక్కొక్కటే పైకి లాగాలి. దానికి పెద్ద పానాలు, నలుగురు మనుషులు, సామాను మోసే బండి కావాలి. మనకు మండలానికో మెకానిక్కు ఉండేవాడు, అతనికి ప్రభుత్వ జీతం ఉండేది. చీటీ రాసి పంపితే నాలుగు రోజులకైనా వచ్చేవాడు. ఆ మెకానిక్కు లేని దేశంలో మార్క్ టూ పాతడమంటే డ్రైవరు లేని ఊరికి లారీ ఇచ్చినట్టే. ఈ చిక్కు చూసే 1980లలో కెన్యా, మలావీల్లో ఆఫ్రిడెవ్ అనే మరో పంపు తయారు చేశారు. దాని పిస్టన్ను ఊరి ఆడవాళ్లే ఒక్క పానాతో విప్పి, కడ్డీలు పట్టి పైకి లాగి, వాషరు మార్చి మళ్లీ దించవచ్చు. గొప్ప ఆలోచన. అయినా 2009 నాటి ఒక అంచనా ప్రకారం సహారాకు దక్షిణాన ఉన్న చేతి పంపుల్లో సుమారు మూడో వంతు పనిచేయడం లేదు. విప్పడం సులువే. ఆ చిన్న వాషరు దొరికే దుకాణం ముప్పై నలభై కిలోమీటర్ల అవతల ఉంటుంది, దాన్ని కొనే పైసలు ఎవరి దగ్గరుండాలో ఊరు తేల్చుకుని ఉండదు.

ఇలాంటి ఊళ్లకే రంగులరాట్నం పంపు పోయింది. పిల్లలు రాట్నం తిప్పి ఆడుకుంటూంటే నీళ్లు ట్యాంకుకు ఎక్కుతాయి. ఎవరికి నచ్చదు? 2006లో అమెరికాలో కోటీ అరవై లక్షల డాలర్లకు పైగా సాయం ప్రకటించారు. మూడు నాలుగేళ్లలో ఆ పథకం మూతపడింది. ఒక్కో రాట్నానికి అయిన ఖర్చుతో మామూలు చేతి పంపులు నాలుగు వేయవచ్చు. చెప్పిన లెక్కన నీళ్లు రావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని ఒక బ్రిటిష్ పత్రిక లెక్కగట్టింది. చివరికి రాట్నం తిప్పింది ఆడవాళ్లు, ముసలమ్మలు. పాత చేతి పంపు పీకేసి దీన్ని పెట్టిన చోట్ల వాళ్లకు ఉన్నదీ పోయింది. ఆ రాట్నం ఫొటో మాత్రం చాలా బాగుంటుంది.

మనవైపు నుంచి పోయిన మరో పద్ధతి నల్లగొండ పేరు మీదే ఉంది. ఫ్లోరైడు నీళ్లలో పటిక, సున్నం వేసి కలిపి, తేర్చి, వడపోసే విధానాన్ని నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తయారు చేశారు. దాన్ని ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అంటుంది. ఆఫ్రికాలో రిఫ్ట్ లోయ పొడవునా నల్లగొండ లాంటి ఊళ్లే ఉన్నాయి, వంకర కాళ్లు, మచ్చల పళ్లు. టాంజానియాలో, ఇథియోపియాలో ఇంటింటికీ బకెట్లు ఇచ్చి ఈ పద్ధతి పెట్టారు. రసాయనం పనిచేసింది, రోజువారీ జీవితం కుదరనివ్వలేదు. పటిక రోజూ కొలిచి వేయాలి, చెయ్యి నొప్పెట్టేదాకా కలపాలి, అడుగున మిగిలిన ముద్దను ఎక్కడో పారేయాలి, నీళ్ల రుచి మారుతుంది. చేనుకు పోయే మనిషికి పొద్దున్నే ఇంత కుదరదు. అసలు నల్లగొండలోనే ఏమైంది? ఇంటింటి బకెట్టు కాదు, కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే గదా అక్కడి బాధ తగ్గుముఖం పట్టింది. మనం మానుకున్న మందును ఇంకొకరికి రాసిస్తే ఎట్లా?

సిద్దిపేటకు ఈ సంగతి అందరికన్నా బాగా తెలియాలి. 1990ల చివర నియోజకవర్గమంతటికీ ఒకే పైపుల పథకం ఇక్కడే వచ్చింది. దాన్ని చూసే మిషన్ భగీరథ పుట్టింది, 2016 ఆగస్టు 7న గజ్వేల్ పక్కన కోమటిబండలో మొదలైంది. దానికి బడ్జెట్టు, ఇంజినీర్ల శాఖ, కరెంటు, తరువాత మరమ్మతు చేసే ప్రభుత్వం ఉన్నాయి. అయిదుగురు పిల్లలు రెండు వారాల్లో మోసుకుపోగలిగింది అందులో ఏదీ లేదు. కానీ అంతకు ముందరి సంగతి ఒకటుంది, దాన్ని మోసుకుపోవచ్చు. మా చిన్నప్పుడు నారి కురుపు ఉండేది. కాలి మీద బొబ్బ పొంగి, పగిలి, తెల్లటి దారం లాంటి పురుగు బయటికొచ్చేది. పుల్లకు చుట్టి రోజుకింత లాగేవారు. దిగుడు బావిలో దిగి నీళ్లు ముంచుకోవడమే దాని మూలం. దేశం 1980లలో పట్టుబట్టి దిగుడు బావులు మూయించింది, బోరింగులు వేయించింది, నీళ్లు బట్టతో వడపోయమని ఇల్లిల్లూ తిరిగి చెప్పించింది. 1996 జులైలో చివరి కేసు, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్టు. దీనికి టీకా లేదు, మందు లేదు. వడపోత గుడ్డ, ఊరూరు తిరిగిన మనుషుల ఓపిక, అంతే. ఇవాళ ఆ పురుగు ఛాద్, దక్షిణ సూడాన్ లాంటి కొద్ది దేశాల్లో మిగిలింది. 2024లో లెక్కకొచ్చిన మనుషుల కేసులు 15. నారి కురుపు మచ్చ ఇంకా కాలి మీదున్న ముసలాయన సిద్దిపేట పల్లెల్లో దొరుకుతాడు. ఇట్లాంటి విషయంలో ఆయన చెప్పేది ఏ ఇంజినీరూ చెప్పలేడు. ఆయనను మాత్రం ఎవరూ విమానం ఎక్కించరు.

మరి మన తెలుగు నేల నుంచి ఆఫ్రికాకు సరిగ్గా పోయినవాళ్లు లేరా అంటే ఉన్నారు. నాకు తెలిసినంతలో అన్నిటికన్నా దిట్టమైంది హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పని. 2017లో లైబీరియా రాజధాని మన్రోవియాలో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రితో కలిసి కంటి కేంద్రం తెరిచారు. అంతకుముందు అంతర్యుద్ధం, ఎబోలా ఆ దేశపు వైద్యాన్ని పీల్చి పిప్పి చేశాయి. హైదరాబాద్ వాళ్లు ఆపరేషన్ల శిబిరం పెట్టి, లెక్క చెప్పుకుని తిరిగి రాలేదు. డాక్టర్లను అక్కడే ఉంచారు, అక్కడివాళ్లను తెచ్చి ఇక్కడ శిక్షణ ఇచ్చారు. ఇది వాళ్లు మన పల్లెల్లో నేర్చుకున్నదే. పల్లె కంటి కేంద్రంలో కూర్చునేది బయటి డాక్టరు కాదు, ఆ చుట్టుపక్కల ఊరి పిల్లే. ఏడాది శిక్షణతో చూపు పరీక్ష చేయడం, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో గుర్తించడం నేర్చుకుంటుంది. ముందు తన జిల్లాలో నిలబడిన పద్ధతి కాబట్టి సముద్రం దాటినా నిలబడింది.

రెండోది ఆఫ్రికా దాకా పోని కథ. అయినా ఈ ప్రయాణానికి ఇంతకు మించిన పాఠ్యపుస్తకం లేదని నేనంటాను. మన మహిళా సంఘాల సీఆర్పీ (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్) అక్కలు. పొదుపు చేసి, అప్పు తీర్చుకుని, పేదరికం దాటి వచ్చిన ఆడవాళ్లు జట్టుగా బిహార్‌కు, రాజస్థాన్‌కు, ఉత్తరప్రదేశ్‌కు పోయారు. ఊరికి పదిహేను రోజులు. హోటలు లేదు, ఆ ఊళ్లోనే పడక, అక్కడే తిండి. మొదటి రోజు సర్పంచి ఇంటికి కాదు, అన్నిటికన్నా బీద వాడకు పోతారు. పథకం గురించి కాదు, తమ గురించి చెబుతారు: నేను కూలిదాన్ని, నాకు ఇంత అప్పుండె, ఇట్లా తీర్చిన అని. పదిహేను రోజులే కదా, మా అబ్బాయి రెండు వారాల లెక్కే కదా అనవచ్చు. తేడా ఏమిటంటే ఆ అక్క వెనక పదేళ్ల సొంత అనుభవం ఉంది, ఆమె పోయాక ఆ సంఘాన్ని చూసుకునే వ్యవస్థ ముందే సిద్ధంగా ఉంది. ఇక మూడోది: జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు కెమెరా పట్టి, బీటీ పత్తి మీద సినిమా తీయడానికి దక్షిణాఫ్రికా, మాలి రైతుల దగ్గరికి పోయారు. వాళ్లు ఏమీ పంచిపెట్టడానికి పోలేదు. మా చేలో ఇట్లయింది, మీకెట్లయిందో చెప్పండని అడగడానికి పోయారు. సేవ అనే మాట వాడకుండా ఆఫ్రికా పల్లెకు పోవచ్చని వాళ్లను చూస్తే తెలుస్తుంది.

ఎదురు దిక్కు నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థకు ఆఫ్రికా దేశాల అధికారులు ఏటా శిక్షణకు వస్తారు. ఖర్చు 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద మన ప్రభుత్వానిదే. 1972లో పటాన్‌చెరులో పుట్టిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు మలావీలో కేంద్రం ఉంది, అక్కడ కంది, వేరుశనగ మీద పని చేస్తుంది. మలావీ పోవాలన్న కుర్రవాడికి మొదటి మజిలీ ఆ దేశ రాజధాని లిలోంగ్వే కాదు, పటాన్‌చెరు. ఇంట్లో చెప్పి పొద్దున పోయి రాత్రికి రావచ్చు.

ఒంటి ఆరోగ్యం సంగతి. ఇక్కడ మనవాళ్లది ఒక వింత ధైర్యం: దోమలు మాకు కొత్తనా? కొత్తే. మలేరియా దోమ ద్వారా వస్తుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది బేగంపేటలోనే. అయినంత మాత్రాన ఆ జబ్బు మనకు చుట్టమైపోదు. 2023లో ప్రపంచంలో మలేరియాతో చనిపోయినవాళ్లు 5 లక్షల 97 వేలు, అందులో 95 శాతం ఆఫ్రికాలోనే. అక్కడిది ఎక్కువగా మెదడుకెక్కే ఫాల్సిపారం రకం. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు పదే పదే సోకి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. సిద్దిపేట పిల్లవాడికి అదేమీ ఉండదు. పోయేముందు నుంచే నివారణ మాత్రలు మొదలుపెట్టాలి, వచ్చాకా ఆపకూడదు. ఉదాహరణకు డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు. ఏ మాత్ర ఎవరికన్నది డాక్టరు తేల్చాలి, మెడికల్ షాపు కాదు. వచ్చాక కొన్ని నెలల దాకా ఏ జ్వరమొచ్చినా డాక్టరుతో మొదటి మాటగా ‘ఆఫ్రికా పోయివచ్చిన’ అని చెప్పాలి. వైరల్ అనుకుని పారసెటమాల్ మింగుతూ ఇంట్లో పడుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఎల్లో ఫీవర్ టీకా మెడికల్ షాపుల్లో దొరకదు. సిద్దిపేట నుంచి హైదరాబాద్ జేబీఎస్ బస్సెక్కి, అక్కణ్నుంచి నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కు పోవాలి. రోజూ ఇస్తారనుకోవద్దు, ముందే కనుక్కోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు, వేయించుకున్న పది రోజులకు గానీ చెల్లదు. ఆ తరువాత జీవితాంతం చెల్లుతుంది. మలావీలో ఎల్లో ఫీవర్ లేదు గదా అని మా అబ్బాయి లాజిక్కు. నిజమే. కానీ విమానం అడిస్ అబాబాలోనో నైరోబీలోనో మారుతుంది. ఇథియోపియా, కెన్యా రెండూ ఆ జబ్బున్న దేశాలే. అక్కడ కొన్ని గంటలకు మించి ఆగితే మలావీలో కార్డు అడుగుతారు, తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడగవచ్చు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్. ఇదే బస్సు దారిలో శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ వస్తుంది. అక్కడ భారత్ బయోటెక్ చేసిన టైఫాయిడ్ టీకాను మలావీలోని బ్లాంటైర్ పిల్లల మీదే పెద్దఎత్తున పరీక్షించి, పనిచేస్తుందని తేల్చారు. 2023లో ఆ దేశం తన పిల్లలందరికీ వేయడం మొదలుపెట్టింది. రాజీవ్ రహదారి పక్క నుంచి మలావీకి ఇప్పటికే ఇంత పోయిందని ఆ బస్సులో పోయే మనలో ఎంతమందికి తెలుసు? అటు నుంచి ఒక జబ్బు పేరు మనకూ వచ్చింది లెండి. 2005–06లో మన కీళ్లు విరిచి మంచాన పడేసిన చికున్‌గున్యా అన్న మాట టాంజానియా, మొజాంబిక్ సరిహద్దుల్లోని మకొండె భాషలోది. వంగిపోవడం అని దాని అర్థం.

ఇంకొక్క హెచ్చరిక, చెరువులో ఈత నేర్చుకున్న మనలాంటి వాళ్లకు మరీ ముఖ్యం. మలావీ సరస్సు సముద్రంలా నీలంగా, తేటగా ఉంటుంది. దిగాలనిపిస్తుంది. అందులో నత్తల నుంచి వెలువడే కంటికి కనబడని పురుగులు చర్మం గుండానే లోపలికి పోతాయి, బిల్హార్జియా జబ్బు వస్తుంది. నీళ్లు తాగనక్కర్లేదు, మోకాలి లోతున నిలబడితే చాలు. ప్రాజిక్వాంటెల్ మాత్రతో నయమవుతుంది గానీ జబ్బుందని వారాల తరబడి తెలియదు. వీసా, బీమా సంగతి రెండు ముక్కలే: టూరిస్టు వీసా మీద సేవా పని చేయనిస్తారో లేదో ఆ దేశ దౌత్య కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగాలి. బీమా తీసుకుంటే జబ్బు పడ్డవాణ్ని పెద్ద నగరానికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూసుకోవాలి.

ఇక సంక్రాంతి సెలవులు. మనకు జనవరి అంటే ధాన్యం ఇంటికొచ్చి చేతులాడే కాలం. మలావీలో వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. జనవరి అంటే కలుపులు తీసే పని మీద పని, పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని ఆకలి నెలలు, బురద దారులు. మన ఊళ్లో నాట్లు పడుతుంటే ఎవరైనా వచ్చి సభ పెడితే ఎంతమంది పోతారు? పైగా ఆకలి నెలల్లో అయిదుగురు చుట్టాలు దిగితే, ఆ ఊరివాళ్లు తమ పిల్లలకు తగ్గించి అయినా వీళ్లకు పెడతారు. ఏం పెడతారంటే న్సిమా. మక్కపిండిని ఉడికించి గట్టిగా కలిపిన ముద్ద. మన మక్క గట్కకు అక్క. ముద్ద చేసి, ఆకుకూరలో అద్దుకుని తింటారు. పక్కన కందిపప్పు ఉన్నా ఉండవచ్చు. కందిని వాళ్లు నండోలో అంటారు.

ఆ కంది దగ్గర కాసేపు ఆగాలి. మలావీ, మొజాంబిక్, టాంజానియా నుంచి బయటికి అమ్మే కంది చాలావరకు మన దగ్గరికే వస్తుంది. 2016లో మన దగ్గర కందులు కరువై, ధర ఆకాశానికంటితే వాళ్లను వేయమన్నాం. మరుసటేడు ఇక్కడ విరగపండింది, 2017 ఆగస్టులో మన ప్రభుత్వం దిగుమతికి ఏడాదికి 2 లక్షల టన్నుల హద్దు పెట్టింది. అక్కడ ధర కుప్పకూలింది. అదే ఏడు ఇక్కడి మార్కెట్ యార్డుల్లో మన రైతూ ధర రాక కందుల బస్తాల మీద కూర్చున్నాడు. 2021లో మలావీతో ఏటా 50 వేల టన్నులు కొంటామని ఒప్పందం కుదిరింది. అయిదుగురు కుర్రాళ్లు బడికి వేసే రంగు కంటే ఢిల్లీలో వచ్చే ఒక్క నోటిఫికేషను ఆ పల్లెను ఎక్కువ మారుస్తుంది. అది తెలుసుకుని పోయినవాడు అక్కడి రైతుతో సమానంగా కూర్చుని మాట్లాడగలడు. మాట్లాడటానికి మరో సంగతీ ఉంది: కత్తెర పురుగు. అమెరికా ఖండం నుంచి వచ్చి 2016లో ఆఫ్రికా మక్క చేలను పట్టింది. 2018లో కర్ణాటక మీదుగా మన చేలకు చేరింది. అంటే దానితో వేగిన అనుభవం వాళ్లకు రెండేళ్లు ఎక్కువ. ఈ విషయంలో చేయి చాచాల్సింది మనం.

బట్టల మూటల గురించి దుబ్బాక నేతన్నను అడిగి చూడమన్నాను. చవక గుడ్డ వచ్చి మీద పడితే మగ్గం ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. మలావీ సంతల్లో బయటి దేశాల పాత బట్టల గుట్టలకు కౌంజికా అని పేరే ఉంది. ఇవి ఎంత ముంచెత్తాయంటే తూర్పు ఆఫ్రికా దేశాలు 2016లో దిగుమతే ఆపాలనుకున్నాయి. పన్ను పెంచిన రువాండా మీద అమెరికా 2018లో వాణిజ్య రాయితీ కోత వేసింది. పాత బట్టలు లేక ఎవరూ ఎదురుచూడటం లేదక్కడ.

అప్పుడు పైసలే పంపితే? టికెట్లు, టీకాలు, వీసాలు, బీమా కలిపితే మనిషికి లక్ష దాటుతుంది. కెన్యా పల్లెల్లో గివ్ డైరెక్ట్‌లీ అనే సంస్థ బీద కుటుంబాలకు నేరుగా ఫోనులో డబ్బు వేసింది. పరిశోధకులు లెక్క తీస్తే తిండి మెరుగైంది, ఇంటిమీద రేకులు, కొట్టంలో పశువులు పెరిగాయి, తాగుడు పెరగలేదు. 2018లో రైతుబంధు చెక్కులు అందుకున్న జిల్లా వాళ్లకు ఇది ఆశ్చర్యం కాదు. పైసలిస్తే పాడుచేస్తారన్న మాట మన గురించీ అన్నారు గదా. అయితే నేను డబ్బుతో తేల్చేయమనను. మనిషి పోవడంలో ఉన్న విలువ వేరు. కానీ అది పోయేవాడు నేర్చుకునే విలువ. దానికి చందాలు వసూలు చేయడం, దాన్ని దానం అని పిలవడం మాత్రం నాకు మింగుడు పడదు. చదువుకోను పోతున్నానని చెప్పి సొంత ఖర్చుతో పోతే ఎవరికీ పేచీ లేదు. నర్సు, కంటి టెక్నీషియను, బోరింగు మెకానిక్కు, సంఘం లెక్కలు రాసే అక్క లాంటి వాళ్లు మాత్రం అక్కడి సంస్థ పిలిస్తే, ఆరు నెలలు ఉండగలిగితే పోవాలి. రెండు వారాల మాస్టారును పిల్లలు ఎట్లా చూస్తారో మన సర్కారు బళ్లలో విద్యా వాలంటీర్లను అడగండి. వాళ్లు ఏడాదంతా ఉండి కూడా ‘వచ్చే ఏడు ఉంటరా సార్?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయారు.

చివరిది, చెప్పడానికి ఇబ్బందిగా ఉండేది: రంగు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరు నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా అశ్విక దళానిది. అంటే వాళ్లు మన పక్కింటివాళ్లై వందేళ్లు దాటింది. అయినా 2016లో అదే నగరంలో బండి పార్కింగు గొడవకు నైజీరియా విద్యార్థిని ఇనుప కడ్డీతో కొట్టారు. టోలీచౌకీలో ఇల్లు అద్దెకడిగే ఆఫ్రికా పిల్లలకు ఎదురయ్యే మాటలు రాయడానికి కూడా సిగ్గేస్తుంది. ఇక్కడ ఇల్లివ్వనివాళ్లం అక్కడికి పోయి ఇల్లు కడతామంటే వాళ్లు నవ్వుకోరూ? అందుకే మా అబ్బాయికి ఇచ్చిన మొదటి పని ఇది: ఉస్మానియాలో, ఇఫ్లూలో చదివే ఆఫ్రికా విద్యార్థులు నలుగురితో స్నేహం చెయ్యి, వాళ్ల ఊళ్ల గురించి విను. యాభై నాలుగు దేశాలను ఒకే ఊరిగా చూసే చూపు అక్కడే పోవాలి. కెన్యా రచయిత బిన్యవాంగ వైనైన 2005లో ఆఫ్రికా గురించి ఎట్లా రాయాలో చెబుతున్నట్టు నటిస్తూ ఒక వ్యంగ్య వ్యాసం రాశాడు. బయటివాళ్లు వాడే ఆకలి, అడవి, నవ్వే పిల్లలు అన్న మూడు రంగుల డబ్బాలను అందులో పగలగొట్టాడు. కెమెరా కొనేముందు అది చదవమన్నాను. మన అంగన్‌వాడీ పిల్లల్ని ఎవరో వచ్చి ముక్కు కారుతుండగా ఫొటో తీసి ఎక్కడో పెడితే మన అక్కలు ఊరుకుంటారా అని కూడా అడిగాను.

ఇవన్నీ విని అబ్బాయి అలుగుతాడనుకున్నాను. అలగలేదు. నెల తరువాత వచ్చాడు. పాత కాగితం పోయి కొత్త కాగితం వచ్చింది. పైన ఒక ఊరి పేరు, అక్కడి సంఘం పేరు ఉన్నాయి. ఇఫ్లూలో దొరికిన మలావీ దోస్తు ద్వారా సంపాదించాడట. కింద ప్రశ్నలే: మీ బోరింగు ఏ రకం? ఎన్నేళ్లైంది వేసి? వాషరు ఎక్కడ దొరుకుతుంది? పాడైతే ఎవరు బాగుచేస్తరు? మేము రావడం మీకు అవసరమా? సెలవుల ముచ్చట వేసవికి మారింది. అక్కడ వానలు ఆగి, ఆకలి నెలలు దాటే కాలమది. ‘మూలి బ్వాంజీ’ అని పలకరించడం, ‘జికోమో’ అని థ్యాంక్స్ చెప్పడం నేర్చుకున్నాడు. మండలంలో పాత బోరింగు మెకానిక్కు వెంట రెండు ఆదివారాలు తిరిగి, పైపులు లాగి అరచేతులు బొబ్బలెక్కించుకున్నాడు. ఆయన ఈ పిల్లవాడికి వాషరు తొడగడం ఇంకా సరిగ్గా రాలేదంటున్నాడు.

వచ్చే వారం నారాయణగూడ పోయి సూది వేయించుకుంటానన్నాడు. తొందరేం లేదు, ముందు ఆ ఊరి నుంచి ఉత్తరం రానీ అన్నాను.